సర్కారు నేల వేరు, సమష్టి నేల వేరు

రాజధానిలో ఏ వివాదాన్ని పొరలు విప్పి చూసినా చిట్టచివర నేల కనబడుతుంది. గుడిసెల కూల్చివేత, ఫుట్‌పాత్ వ్యాపారుల తొలగింపు, ప్రదర్శనలపై ఆంక్షలు, నష్టపరిహారం కోసం శివారు గ్రామాల రైతుల ధర్నాలు - వీటిని మా పత్రికలవాళ్ళం వేరువేరు వార్తలుగా, వేరువేరు పుటలలో ప్రచురిస్తాము. అన్నిటి వెనుక ఉన్న ప్రశ్న మాత్రం ఒక్కటే: నగరంలో నేల ఎవరిది?

ఈ ప్రశ్నకు మన రాజకీయాలలో రెండే సమాధానాలు చెలామణిలో ఉన్నాయి. కొన్నవాడిదే నేల అన్నది ఒకటి. ప్రభుత్వానిదే నేల అన్నది రెండవది. మొదటిదాన్ని మితవాదమనీ, రెండవదాన్ని అభ్యుదయమనీ చాలాకాలం అనుకున్నాము. మూడవ సమాధానం కూడా ఉన్నదనీ, అది ఈ రెండింటికన్న పాతదనీ మరచిపోయాము. ఊరుమ్మడి నేల సర్కారుదీ కాదు, ఏ ఒక్క ఆసామిదీ కాదు. దానిని వాడుకుంటూ కాపాడుకునే జనసమూహానిది. ఢిల్లీ ఈ మూడు సమాధానాలనూ ఒక్క శతాబ్దంలో చవిచూసిన నగరం. ఆ అనుభవం హైదరాబాదుకు, విజయవాడకు, విశాఖపట్నానికి కూడా వర్తిస్తుంది గనుక ఈ వారం దానిని గురించి వ్రాయదలచాను.

తిట్టుగా మారిన మాట

ఉత్తరాదిన ఊరుమ్మడి భూమిని ‘షామిలాత్’ అంటారు. పశువుల మేత బీడు, ‘జోహడ్’ అనే చెరువు, శ్మశానం, వంటచెరకు దొరికే చిట్టడవి - ఇవన్నీ అందులోనివే. మనవైపు ఈ నేలకు ఎన్నో పేర్లున్నాయి. ఆంధ్ర జిల్లాలలో పోరంబోకు. తెలంగాణలో శిఖం, బంచరాయి, కంచె. వీటిలో పోరంబోకు అన్న మాటకు పట్టిన గతి ఆలోచింపదగినది. శిస్తు లెక్కకు వెలుపల, నలుగురి వాడకానికీ విడిచిపెట్టిన నేల అని రెవెన్యూ పరిభాషలో దాని అర్థం. శిస్తు రాని నేల పనికిమాలిన నేల అన్న దృష్టి బ్రిటిషు కలెక్టర్ల కచేరీలలో బలపడి, స్వరాజ్యం వచ్చిన తరువాత కూడా కొనసాగింది. చివరకు పనీపాటా లేని మనిషిని తిట్టడానికి ఆ మాట వాడుకలోకి వచ్చింది. తన ఉమ్మడి ఆస్తి పేరునే తిట్టుగా మార్చుకున్న సమాజం ఆ ఆస్తి అన్యాక్రాంతమవుతుంటే ఉలిక్కిపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఉన్నది. ఈ సామెతనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు గారెట్ హార్డిన్ 1968లో ‘సైన్స్’ పత్రికలో ఒక సిద్ధాంతంగా మలిచాడు. అందరిదీ అయిన బీడులో ప్రతివాడూ తన పశువును అదనంగా తోలుతాడు గనుక ఆ బీడు నాశనం కాక తప్పదని ఆయన వాదన. దాన్ని పైవేటుపరం చేయాలి, లేదా ప్రభుత్వ నియంత్రణలోనైనా పెట్టాలి అన్నది దాని పర్యవసానం. ఎలినార్ ఆస్ట్రమ్ అనే విదుషీమణి ఈ వాదాన్ని పుస్తకాలలో కాక పొలాల గట్ల మీద పరీక్షించింది. స్విట్జర్లాండు కొండల పచ్చిక బయళ్ళు, జపాను గ్రామాల అడవులు, నేపాల్ రైతుల సాగునీటి కాలువలు శతాబ్దాల తరబడి ఉమ్మడిగానే ఎలా నిలిచాయో చూపింది. అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమెయే, అది 2009లో. ఆమె పరిశోధన సారాంశం సులభమైనది. ఎవరు వాడుకోవచ్చునో, ఎంత వాడుకోవచ్చునో, తప్పితే దండన ఏమిటో వాడుకునేవారే నిర్ణయించుకొని, వారే కాపలా కాసుకున్నచోట ఉమ్మడి ఆస్తి నిలుస్తుంది. హార్డిన్ వర్ణించినది ఉమ్మడి నేలను కాదు, దిక్కులేని నేలను. మన సామెతలోని గొర్రె కూడా ఉమ్మడిది అయినందుకు చావలేదు. కాపరి లేక చచ్చింది.

భూస్వామి అయిన ప్రభుత్వం

1911 డిసెంబరు దర్బారులో రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి తరలుతున్నట్లు ప్రకటన వెలువడగానే మొదలైన పని భూసేకరణ. 1894 నాటి చట్టం క్రింద రైసీనా, మాల్చా వంటి గ్రామాల నేలను ప్రభుత్వం తీసుకున్నది. రాష్ట్రపతి భవనం నిలిచిన కొండకు రైసీనా పేరు, దౌత్యవేత్తలు నివసించే వీధికి మాల్చా పేరు మిగిలాయి, ఊళ్ళు మిగలలేదు.

దేశ విభజన తరువాత కాందిశీకులతో నగరం ఒక్కసారిగా ఉబ్బిపోయింది. ప్రైవేటు కాలనీదార్లు రైతుల వద్ద పొలాలు కొని ప్లాట్లు వేసి విక్రయించసాగారు. ఈ దళారీతనాన్ని అరికట్టాలన్న సంకల్పంతో 1957లో ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థ (డి.డి.ఎ.) ఏర్పడింది. 1959 నవంబరు 13న ఒక్క ప్రకటనతో 34,070 ఎకరాల సేకరణకు ప్రభుత్వం సన్నద్ధమయింది. 1961లో భారీ ఎత్తున భూమి సేకరణ, అభివృద్ధి, కేటాయింపుల పథకం వచ్చింది. దాని తాత్త్విక పునాదిని తప్పుపట్టలేము. నగరంలో నేల విలువ పెరిగేది యజమాని చెమటోడ్చినందువల్ల కాదు. ప్రభుత్వం వేసిన రోడ్డు వల్ల, చుట్టూ పెరిగిన జనం వల్ల. కనుక పెరిగిన విలువలో సమాజానికి వాటా రావాలి. అందుకే ప్లాట్లను అమ్మక లీజుకిచ్చారు. చేతులు మారినప్పుడు కష్టించకుండా వచ్చిన ఆ పెరుగుదలలో సగం ప్రభుత్వానికి జమ కావాలని లీజులలో షరతు పెట్టారు. ప్రజాస్వామ్య దేశంలో ఒక రాజధాని నగరపు నేలను ఇంత పెద్ద ఎత్తున ప్రజాపరం చేయబూనిన ప్రయత్నం అరుదైనది.

ఫలితమేమిటి? 1981లో ప్రకటించిన రోహిణి నివాస పథకంలో 80 వేలకు పైగా దరఖాస్తుదారులు పేర్లు నమోదు చేసుకోగా, వారిలో అనేకులు ప్లాటు కోసం మూడు దశాబ్దాలకు పైగా ఎదురుచూశారు. న్యాయమైన ధరకు చోటు దొరకని జనం వ్యవసాయ భూములలో తమంతట తామే ఇళ్ళు కట్టుకున్నారు. అటువంటి 1,731 అనధికార కాలనీల నివాసులకు ఆస్తి హక్కులు గుర్తిస్తూ 2019లో పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. వాటిలో నివసించేవారు 40 లక్షల మందని నాడు ప్రభుత్వమే చెప్పింది. నగరానికి నేలను ప్రణాళికాబద్ధంగా సమకూర్చవలసిన సంస్థ నిద్రపోతుండగా నగరంలో ఒక పెద్ద భాగం దాని ప్రణాళిక బయటనే వెలసిందన్నమాట. ఇక లీజు విధానం సంగతి. 1992 నుంచీ రుసుము చెల్లించినవారికి లీజును ఫ్రీహోల్డుగా మార్చి ఇస్తూ వచ్చారు. సమాజానికి వాటా అన్న సిద్ధాంతం ఆ రుసుము రసీదుతో ముగిసింది. ప్రజల పేర సేకరించిన నేల ప్రభుత్వమనే మజిలీలో కొంతకాలం ఆగి, ప్రైవేటు ఆస్తిగా గమ్యం చేరింది.

ఊరుతోపాటు పోయిన సభ

ఈ కథలో ఎవరూ అంతగా పట్టించుకోని అధ్యాయం షామిలాత్‌ది. 1954 నాటి ఢిల్లీ భూసంస్కరణల చట్టం ఊరుమ్మడి భూములను గావ్ సభ పరం చేసింది. అయితే నగరపాలక సంస్థ చట్టంలోని 507వ సెక్షను క్రింద ఒక గ్రామాన్ని నగర ప్రాంతంగా ప్రకటించగానే గావ్ సభ రద్దవుతుంది. దాని ఆస్తులు కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడతాయి. ఒక్క సంతకంతో ఊరు తన సభనూ, చెరువునూ, బీడునూ కూడా పోగొట్టుకుంటుంది. సొంత పొలం పోయిన రైతుకు పరిహారమైనా ఉన్నది. ఉమ్మడి బీడులో మేక మేపుకొని బతికిన కూలివానికి ఏ పరిహారమూ లేదు. అతని పేర కాగితం లేదు కదా!

మునిర్కా గ్రామపు ఇరుకు సందులలో నడిచినప్పుడల్లా నాకీ సంగతి తలపునకు వస్తుంది. రామకృష్ణపురంలోని ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లు, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, సంపన్నుల వసంత విహార్ - వీటికి ఆ గ్రామ భూములు కరిగిపోయాయి. మిగిలిన ఊరు ‘లాల్ డోరా’ గీత లోపల మేడ మీద మేడగా పైకి పెరిగింది. అద్దెకుండే ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులకూ, మన తెలుగు జిల్లాల నుంచి సివిల్ సర్వీసు పరీక్షల కోసం వచ్చే యువకులకూ అక్కడ గది దొరుకుతుంది, వెలుతురు దొరకదు. పక్కనే వసంత విహార్‌లో విశాలమైన పార్కులున్నాయి. విచిత్రమేమంటే ఆ వసంత విహార్ ప్రభుత్వోద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘం పేరున వెలసిన కాలనీ. సహకారమన్న మాటతో మొదలై, నేడు దేశంలోని అత్యంత ఖరీదైన ప్రైవేటు ప్లాట్ల సరసన నిలిచింది.

సరిహద్దు దాటితే

ఢిల్లీలో భూవ్యాపారానికి ద్వారాలు మూసుకోవడంతో దక్షిణ ఢిల్లీలో గ్రేటర్ కైలాస్ వంటి కాలనీలు వేసిన డి.ఎల్.ఎఫ్. సంస్థ హర్యానా సరిహద్దు దాటి గుర్‌గాఁవ్ చేరింది. 1975లో హర్యానా చేసిన చట్టం లైసెన్సు పొందిన ప్రైవేటు సంస్థలు కాలనీలు నిర్మించడానికి దారి తెరిచింది. నేల కొన్నవాడిదే అన్న సమాధానాన్ని అక్కడ పూర్తిగా అమలు జరిపారు. అద్దాల మేడలు లేచాయి. వాటి మధ్య పాదచారి నడవడానికి కాలిబాట కోసం వెతుక్కోవలసిన నగరం తయారయింది. వాన పడిన ప్రతి ఏడూ అక్కడి రోడ్లు చెరువులవుతున్నాయంటే, చెరువులు రోడ్లు కావడమే అందుకు ఒక ముఖ్య కారణం.

గుర్‌గాఁవ్ - ఫరీదాబాద్ మార్గానికి చేరువలో ఆరావళి కొండల నడుమ మాంగర్ అనే ఊరున్నది. దాని పక్కనున్న వనాన్ని ‘మాంగర్ బనీ’ అంటారు. గుదరియా దాస్ బాబా అనే సాధువు పేర గ్రామస్థులు తరతరాలుగా ఆ వనంలో కొమ్మ కూడా విరవరు. చుట్టూ కొండలు బోడిబారినా ధౌ చెట్లతో ఆ లోయ ఒక్కటీ పచ్చగా నిలిచి ఉన్నది. ఎటువంటి ఫారెస్టు గార్డూ లేకుండా ఊరి కట్టుబాటు ఒక్కటే కాపాడిన అడవి అది. కాని రెవెన్యూ రికార్డులలో మాత్రం 1970, 80 దశకాలలో ఆ ఊరి ఉమ్మడి నేల వ్యక్తుల వాటాలుగా విడిపోయింది. వాటాలు ఢిల్లీ కొనుగోలుదార్లకు చేరాయి. కట్టుబాటు ఒక ప్రక్క, పట్టా ఒక ప్రక్క నిలిచాయి. పర్యావరణవాదులూ గ్రామస్థులూ ఏళ్ళ తరబడి పోరాడగా 2016లో హర్యానా ప్రభుత్వం 677 ఎకరాల బనీనీ, దాని చుట్టూ కొంత మేరనూ నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా గుర్తించింది. అడవిని కాపాడినవారికి కాగితం లేకపోవడం, కాగితం ఉన్నవారికి అడవితో పని లేకపోవడం - మన భూచట్టాల స్వభావమంతా ఈ ఒక్క ఉదంతంలో ఉన్నది.

సహకారం ఎంతవరకు?

ప్రైవేటుకూ ప్రభుత్వానికీ ప్రత్యామ్నాయంగా ఢిల్లీ మధ్యతరగతి ఎంచుకున్న మార్గం సహకార గృహ సంఘం. ఢిల్లీ సహకార సంఘాల చట్టం క్రింద సభ్యులు సంఘంగా ఏర్పడతారు. నేలను డి.డి.ఎ. సంఘానికి లీజుకిస్తుంది. సంఘం అపార్టుమెంట్లు నిర్మించి సభ్యులకు కేటాయిస్తుంది. యమునకు ఆవల పట్పర్‌గంజ్, పడమట ద్వారక ప్రాంతాలలో ఇటువంటి సంఘాలు బారులు తీరి ఉన్నాయి. కాంట్రాక్టరు లాభం లేకుండా సామాన్య ఉద్యోగులు వేలాది ఇళ్ళు కట్టుకోగలిగారంటే అది చిన్న విజయం కాదు.

అటువంటి ఒక సంఘంలో నేను కొన్నేళ్ళు అద్దెకున్నాను. ఆదివారం సర్వసభ్య సమావేశాలలో నీటి పంపు గురించి, గుమస్తా జీతం గురించి గంటల తరబడి చర్చించేవారు. ప్రజాస్వామ్యం మెట్లక్రింద ఎలా ఉంటుందో అక్కడ చూశాను. ఆ చర్చలో అద్దెకున్నవానికి నోరు లేదు. పార్కు బెంచీ మీద ఇళ్ళలో పనిచేసే స్త్రీలు కూర్చుంటే కాపలాదారు లేపేవాడు. ఉమ్మడి అన్నది గోడ లోపలివారికే ఉమ్మడి.

సంఘాలు మరొక విధంగానూ దెబ్బతిన్నాయి. పవర్ ఆఫ్ అటార్నీ మీద ఫ్లాట్లు చేతులు మారసాగాయి. అటువంటి పత్రాలతో యాజమాన్య హక్కు సంక్రమించదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేయవలసి వచ్చింది. మూతబడిన సంఘాలను దొంగ సభ్యుల జాబితాలతో తిరిగి లేపి చౌకగా నేల సంపాదించిన కుంభకోణంపై హైకోర్టు ఆదేశంతో సి.బి.ఐ. దర్యాప్తు జరిగింది. సంఘం ఉన్నంత మాత్రాన సమష్టి ఉన్నట్లు కాదని దీనివల్ల తెలుస్తున్నది.

సంఘం కాగితం లేకుండానే సమష్టి ఎలా ఉండగలదో తెలియాలంటే సరిహద్దుకు ఆవల కరాచీ వైపు చూడాలి. ఐ.సి.ఎస్. ఉద్యోగాన్ని వదులుకొన్న అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో ఒరంగి అనే విశాలమైన పేదల బస్తీలో పని ప్రారంభించారు. అక్కడి జనానికి పట్టాలు లేవు, మురుగు కాలువలు లేవు. ప్రభుత్వం వచ్చి కడుతుందని ఎదురుచూడవద్దనీ, విదేశీ సహాయం కోసం చేయి చాచవద్దనీ ఆయన చెప్పారు. ఇరవై ముప్పై ఇళ్ళ సందును ఒక ఘటకంగా తీసుకున్నారు. సందువారు తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకొని, చందాలు వేసుకొని, తమ గుమ్మం ముందు భూగర్భ మురుగు కాలువను తామే కట్టుకోవాలి. ఇంజనీరింగు సలహా సంస్థ ఇస్తుంది. పెద్ద కాలువలూ, శుద్ధి కేంద్రాలూ ప్రభుత్వ బాధ్యత. వేలాది సందులు ఈ విధంగా బాగుపడ్డాయి. సందు ఎవరిదో రిజిస్ట్రారు చెప్పలేదు. అది తమదని వాడుకునేవారు చేతలతో చెప్పారు. ఈ ప్రయోగానికి తరువాత నాయకత్వం వహించిన పర్వీన్ రెహమాన్ కరాచీ శివారు గ్రామాల భూములు ఎవరి కబ్జాలోకి పోతున్నాయో పటాలు గీసి నమోదు చేయించింది. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపారు. ఉమ్మడి నేలను పటం మీదికి ఎక్కించడం ఎంత ప్రమాదకరమైన పనియో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఉమ్మడి అంటే ఎవరెవరు?

గతాన్ని బంగారు యుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. గ్రామ షామిలాత్ మీద పెత్తనం భూమిగల కులాలది. ఊరుమ్మడి బావి నుంచి అంటరానివారిని తరిమివేసిన చరిత్ర మనది. పంజాబులో పంచాయతీ సాగు భూమిలో మూడవ వంతు కౌలు షెడ్యూల్డు కులాలకు కేటాయించాలని నిబంధన ఉన్నది. అయినా ఆ కౌలును బినామీ వేలం పాటలలో పెద్ద రైతులే తన్నుకుపోగా, సంగ్రూర్ జిల్లా దళితులు సమష్టి సాగు కోసం ఉద్యమించి లాఠీ దెబ్బలు తినవలసి వచ్చింది. ‘మనందరిది’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారన్నది ముందుగా తేలవలసిన విషయం. నేటి ఢిల్లీ కాలనీలు ప్రజల రోడ్లకు ఇనుప గేట్లు బిగించి రాత్రి వేళ తాళాలు వేయడం ఆ పాత అలవాటుకు కొత్త రూపం.

అందువల్ల సమష్టి నేలకు చట్టం అవసరమే. మన చట్టాలలో, తీర్పులలో ఆ విత్తనాలు లేకపోలేదు. బెంగుళూరులో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంపై ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వగా, ఆ పేట నివాసులు కోర్టుకెక్కారు. ఖాళీ స్థలం కూడా పౌరుల హక్కేనని 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును కొట్టివేసింది. పాటియాలా జిల్లాలోని ఒక ఊరి చెరువు కబ్జా కేసులో 2011 జనవరిలో తీర్పు చెబుతూ, గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారు చేయవలసిందని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం మరొక మెట్టు. కాలిబాట ఎవరి సొంతమూ కాదు. దాని వాడకాన్ని నిర్ణయించే పట్టణ వ్యాపార కమిటీలో 40 శాతం స్థానాలు వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులవి, వారిలో మూడవ వంతు స్త్రీలు. సర్వే పూర్తయ్యేవరకు ఎవరినీ తొలగించరాదు. ఆస్ట్రమ్ చెప్పిన సూత్రం దాదాపు యథాతథంగా భారత చట్టంలోకి వచ్చిందనవచ్చును. కాని తోపుడు బండిని లారీలోకి ఎక్కించుకుపోయే నగరపాలక సిబ్బందికి ఆ సూత్రం ఇంకా చేరలేదు.

ఒడిశా 2017లో మురికివాడల వాసులకు భూమి హక్కులిచ్చే చట్టం చేసింది. ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది, బ్యాంకులో తనఖాకు పనికివస్తుంది. విక్రయించడానికి మాత్రం వీలులేదు. నిలువనీడకు రక్షణ, అంగడి సరుకు కాకుండా అడ్డుకట్ట - ఈ రెండింటినీ కలిపిన ఆలోచన అది. పట్టా ఇస్తే పేదవాడు అమ్ముకుపోతాడు, ఇవ్వకపోతే ప్రభుత్వం వెళ్ళగొడుతుంది అన్న పాత చిక్కుముడికి ఇదొక పరిష్కారం.

తెలుగువారి ఎదుట ఉన్న ప్రశ్న

2025 ఏప్రిల్ 3న ఢిల్లీలోని సుప్రీంకోర్టు స్వయంగా జోక్యం చేసుకొని ఆపించిన బుల్‌డోజర్లు హైదరాబాదులోనివి. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ప్రభుత్వానివని తెలంగాణ ప్రభుత్వం వాదించింది. అంతకు ముందు ఆ నేలను 2000 దశకం తొలినాళ్ళలో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కట్టబెట్టగా, 2006లో రద్దు చేసి దీర్ఘకాలం కోర్టులలో పోరాడి ప్రభుత్వం దక్కించుకున్న మాట నిజమే. కాని గెలిచిన నేలను పారిశ్రామిక సంస్థ ద్వారా వేలానికి సిద్ధం చేశారు. సుమారు 100 ఎకరాలలో చెట్లు నేలకూలిన తరువాత కోర్టు అడ్డుపడింది. విశ్వవిద్యాలయ విద్యార్థులు పట్టా ఎవరిదన్న వాదనతోనే ఆగలేదు. కంచె ఎవరిదని ప్రశ్నించారు. ప్రైవేటు సంస్థ నుంచి నేలను కాపాడిన ప్రభుత్వం, అదే నేలను ప్రైవేటు కొనుగోలుదారులకు అమ్మబూనడంలో వైరుధ్యమేమీ దానికి కనబడలేదు. సర్కారు నేలకూ సమష్టి నేలకూ ఉన్న తేడా ఇదే. మొదటిదాన్ని అమ్మే అధికారం ఉన్నది. రెండవదాన్ని అమ్మే అధికారం ఎవరికీ ఉండదు.

అమరావతి కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఇచ్చినప్పుడు వాటాల లెక్క ఎకరాకు ఇన్ని గజాలని తేలింది. ఆ గ్రామాల ఉమ్మడి నేలలకు వారసులెవరన్న ప్రశ్న చర్చకే రాలేదు. హైదరాబాదు శివారు పురపాలక సంఘాలను, పంచాయతీలను 2007లో మహానగరంలో విలీనం చేసినప్పుడు కూడా అంతే.

నేల మీద నిలబడి మాట్లాడే హక్కు సంగతి కూడా ఇందులో భాగమే. 1988 అక్టోబరులో మహేంద్ర సింగ్ టికాయత్ వెంట వచ్చిన రైతులు బోట్ క్లబ్ పచ్చిక మీద వారం రోజులు బైఠాయించారు. ఆ తరువాత అక్కడ సభలు నిషిద్ధమయ్యాయి. నిరసన జంతర్ మంతర్‌కు జరిగింది. తెలంగాణ కోసం, ప్రత్యేక హోదా కోసం మన నాయకులు నినదించినది ఆ ఇరుకు రోడ్డు మీదనే. శబ్ద కాలుష్యమన్న కారణంతో 2017లో హరిత ట్రిబ్యునల్ దాన్నీ మూసివేయించగా, 2018 జూలైలో సుప్రీంకోర్టు తిరిగి తెరిపించింది. పౌరుడు నిలబడడానికి అనుమతి పత్రం కావలసిన రాజధానిలో బహిరంగ స్థలం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పరిస్థితికి మూలం రాజ్యాంగంలోని ఒక ఖాళీలో ఉన్నదని నా అభిప్రాయం. 73వ సవరణ గ్రామానికి గ్రామసభనిచ్చింది. ఓటర్లందరూ అందులో సభ్యులే. 74వ సవరణ నగరానికి 3 లక్షల జనాభా దాటితే వార్డు కమిటీనిచ్చింది. అందులో పౌరుడు సభ్యుడు కాడు, ప్రేక్షకుడు. ఢిల్లీ గ్రామాలకైతే 1990 తరువాత పంచాయతీలే లేవు. గ్రామం నగరమయిన రోజున మనిషి ఓటరుగా మిగులుతున్నాడు. సభ్యుడిగా మిగలడం లేదు. సభ్యుడు లేనిచోట ఉమ్మడి నేలకు కాపరి ఉండడు.

అందుచేత చేయవలసినవి మూడు పనులున్నాయి. ఒకటి: ప్రతి నగరమూ తన చెరువులు, మైదానాలు, పార్కులు, సంత స్థలాల జాబితాను వార్డుల వారీగా ప్రకటించాలి. రెండు: ఆ జాబితాలోని నేలను అక్కడివారి సభ తీర్మానం లేకుండా మరొక వాడకానికి మార్చరాదని చట్టం రావాలి. మూడు: ఆ సభలో ఇంటి యజమానితోపాటు అద్దెకున్నవారికీ, తోపుడు బండి వారికీ, ఇంటిపని చేసే స్త్రీకీ ఓటుండాలి. మూడవది లేకపోతే మొదటి రెండూ మరొక గేటుకు తాళమే అవుతాయి. వచ్చే పురపాలక ఎన్నికలలో ఓటు అడగవచ్చిన అభ్యర్థిని రోడ్డు గురించి, నీటి పంపు గురించి అడగడంతోపాటు ఈ ప్రశ్న కూడా అడగవలసినదిగా పాఠకులను కోరుతున్నాను: మా వార్డులో ఎవరికీ అమ్మడానికి వీలులేని నేల ఎంత ఉన్నది, దానికి కాపరి ఎవరు?